ఫుజి కొండ కింద షిబాజకురా పూలు: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

లలిత_నిషికసాయి · ఏప్రిల్ 10, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం టోక్యోలో నిషికసాయిలో ఉంటాం. అమ్మానాన్న కాకినాడ నుంచి ఈ నెల 25న వస్తున్నారు, మూడు వారాలు ఉంటారు. నాన్నకి ఫుజి కొండ చూడాలని ఎప్పటినుంచో కోరిక. అమ్మకి కొండ మీద పెద్ద ఆసక్తి లేదు, పూలు కనిపిస్తే చాలు. "కొండ కింద గులాబీ రంగు తివాచీ పరిచినట్టు ఒక ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, అది నిజమేనా, కంప్యూటర్‌లో చేసిందా?" అని అడిగింది. వెతికితే అది మోతొసు సరస్సు దగ్గర జరిగే ఫుజి షిబాజకురా పండగ అని తెలిసింది.

వెళ్లినవాళ్లు చెప్పండి. ఎప్పుడు వెళ్తే పూలు బాగుంటాయి? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఇద్దరూ పూర్తి శాకాహారులు. మాకు కారు లేదు. నాకైతే ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

యమనాషి_మామ · ఏప్రిల్ 10, రాత్రి 10:25

లలిత గారూ, నేను కోఫులో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఈ పూల దగ్గరికి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను, వచ్చిన చుట్టాలందర్నీ తీసుకెళ్లడం నా డ్యూటీ అయిపోయింది. ఫొటో నిజమే. కాకపోతే ఆ ఫొటో తీసిన రోజు లాంటి రోజు మీకు దొరుకుతుందా లేదా అన్నది వేరే సంగతి.

పండగ ఏటా ఏప్రిల్ మధ్యలో మొదలై మే నెలాఖరు దాకా నడుస్తుంది. సుమారు 5 లక్షల మొక్కలు. ఒక్కో రకం ఒక్కోసారి పూస్తుంది కాబట్టి మొదటి వారంలో వెళ్తే సగం పచ్చగా, సగం గులాబీగా ఉంటుంది. మామూలుగా మే మొదటి పది రోజులు బాగుంటాయి. పూత ఎంతవరకు వచ్చిందో వాళ్ల వెబ్‌సైట్‌లో పెడుతూ ఉంటారు, వెళ్లే ముందు రోజు చూసుకోండి.

అయితే మే 3, 4, 5 తేదీల్లో మాత్రం వద్దు. గోల్డెన్ వీక్ సెలవులు. చూవో ఎక్స్‌ప్రెస్‌వే మీద కొబొతొకె సొరంగం దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే గుర్తొస్తుంది, టోల్‌గేట్ల దగ్గర మనవాళ్ల అరుపులు తప్ప అంతా అదే. సెలవులు అయిపోయాక మామూలు రోజున వెళ్లండి.

నడకకి భయం లేదు. స్థలం దాదాపు చదునుగానే ఉంటుంది, బాటలు వెడల్పుగా ఉంటాయి. అమ్మగారు నెమ్మదిగా తిరగొచ్చు. మెట్ల బెడద చురెయితొ పగోడా దగ్గర, అక్కడ 398 మెట్లు. ఎవరైనా "అదే రోజు అది కూడా చూసెయ్యండి" అంటే వినకండి.

కరీంనగర్_పోరడు · ఏప్రిల్ 10, రాత్రి 11:02

అక్కా, నేను సుకుబాలో చదువుకుంటున్నా, పోయిన ఏడాది వెళ్లొచ్చిన. పూలతోనే చిన్న ఫుజి కొండ కట్టారు అక్కడ, కింద గులాబీ, మీద మంచు లెక్క తెల్ల పూలు. చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట "అరే, బతుకమ్మ!" పక్కనున్న జపాన్ దోస్తుకి బతుకమ్మ అంటే ఏందో చెప్పేసరికి అరగంట పట్టింది. తంగేడు, గునుగు ఫోన్‌లో చూపించిన. "మరి పండగ అయిపోయాక నీళ్లలో వదిలేస్తారా?" అని ఒకటే బాధపడ్డాడు.

ఖర్చు తగ్గించుకోవాలంటే షింజుకు నుంచి మామూలు చూవో లైన్ రైల్లో ఒత్సుకి దాకా వెళ్లి, అక్కడ ఫుజిక్యూ రైలు మారాలి. నేనట్లనే పోయిన. ఒత్సుకిలో దిగకుండ నిద్రపోయి సక్కగ కోఫుల తేలిన. అది వేరే ముచ్చట.

యమనాషి_మామ · ఏప్రిల్ 10, రాత్రి 11:10

కోఫు దాకా వచ్చి ఫోన్ చెయ్యకుండా వెళ్లిపోయావా నాయనా! భోజనం పెట్టేవాడిని కదా.

గోదారి_గట్టు · ఏప్రిల్ 11, ఉదయం 7:15

నేను కొంచెం ఎదురు మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. రెండేళ్ల కిందట గోల్డెన్ వీక్‌లో కారు అద్దెకి తీసుకుని పిల్లలతో వెళ్లాం. ఆ తారీఖు ఎంచుకున్న తెలివి నాదే. ఇంటి దగ్గర ఉదయం ఆరింటికి బయల్దేరితే చేరేసరికి పదకొండున్నర. కొండ ఉండాల్సిన చోట తెల్లటి గోడ. పూలు మోకాలి ఎత్తు కూడా ఉండవు, చీలమండ దగ్గర ఆగిపోతాయి. మళ్ల మధ్యలో మట్టి కనిపిస్తుంది. ఫొటోల్లో మాత్రం ఆకాశం అంచు దాకా పూలే! కొండ లేకపోతే అది ఒక మంచి పార్కు, అంతే. దానికోసం పెద్దవాళ్లని రెండున్నర గంటలు ప్రయాణం చేయించాలా? ఆలోచించుకోండి.

కెమెరా_కన్ను · ఏప్రిల్ 11, ఉదయం 8:50

గట్టు గారు చెప్పిందాంట్లో ఫొటోల సంగతి అక్షరాలా నిజం, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కెమెరాని నేలకి జానెడు ఎత్తులో పెట్టి, దూరం లాగే లెన్స్‌తో తీస్తే ముందున్న పూలు వెనకున్న మట్టిని కప్పేస్తాయి, కొండ పూల మీదకి వచ్చి కూర్చున్నట్టు కనిపిస్తుంది. నిలబడి మామూలుగా చూసే కంటికి మళ్లు, దారులు, జనం అన్నీ కనిపిస్తాయి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మోతొసు సరస్సు ఫుజికి పడమర, వాయవ్యం వైపు ఉంటుంది. అంటే పొద్దున సూర్యుడు కొండ వెనక నుంచి వస్తాడు. పొద్దున్నే వెళ్తే ఆకాశం తేటగా ఉండొచ్చు గానీ కొండ నల్లగా, నీడలా పడుతుంది. మధ్యాహ్నం దాటాక వెలుతురు కొండ ముఖం మీద పడుతుంది, మంచు తెల్లగా మెరుస్తుంది. కానీ వసంతంలో ఆ వేళకి మబ్బులు చేరతాయి. ఎటు చూసినా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఫొటో మీద పిచ్చి లేనివాళ్లయితే పొద్దున్నే వెళ్లడమే నయం.

స్థలంలో ర్యూజిన్ చెరువు అని చిన్నది ఉంది. గాలి లేకపోతే కొండ తలకిందులుగా కనిపిస్తుంది. గాలి లేని రోజు నాకు ఒక్కసారే దొరికింది.

పూలపిచ్చి · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:30

హైదరాబాద్ నుంచి. జపాన్ ఎప్పుడూ రాలేదు, మొక్క గురించి మాత్రం రెండు ముక్కలు చెప్తాను. పేరులో "జకురా" ఉందని చాలామంది చెర్రీ పూలనుకుంటారు. "షిబా" అంటే పచ్చిక, "సకురా" అంటే చెర్రీ. పూవు ఆకారం, అయిదు రేకులు, ప్రతి రేకు చివర చిన్న గాటు చెర్రీ పూవుని పోలి ఉంటాయని ఆ పేరు పెట్టారు. అసలు ఇది నేల మీద పాకే ఫ్లాక్స్ జాతి మొక్క. ఫ్లాక్స్ సుబులాటా. పుట్టిల్లు జపాన్ కాదు, ఉత్తర అమెరికా తూర్పు వైపు. శీతాకాలంలో మన నర్సరీల్లో కుండీల్లో అమ్మే రంగురంగుల ఫ్లాక్స్ ఉంటుంది చూశారూ, అది దీని పినతల్లి కూతురు. దానిది టెక్సాస్.

ఎండ బాగా కావాలి, నీళ్లు వేళ్ల దగ్గర నిలవకూడదు, చలికాలం గట్టిగా ఉండాలి. లావా బూడిద కలిసిన నేల, తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, ఇంకేం కావాలి దానికి? నేను విత్తనాలు తెప్పించి రెండుసార్లు ప్రయత్నించాను. మా ఏప్రిల్ ఎండకి రెండుసార్లూ మాడిపోయింది.

గట్టు గారూ, పూలు చీలమండ దగ్గరే ఆగిపోవడం దాని తప్పు కాదండీ, దాని పెరుగుదలే అంత!

గోదారి_గట్టు · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 2:05

తప్పు ఒప్పుకుంటున్నాను. మొక్కని ఏమీ అనను.

యొకొహామా_వదిన · ఏప్రిల్ 11, సాయంత్రం 6:40

తిండి సంగతి నేను చెప్తా. అక్కడ పండగతో పాటు తిండి దుకాణాల వరస కూడా ఉంటుంది. ఫుజినొమియా యాకిసోబా (వేయించిన నూడుల్స్), యొషిదా ఉదోన్ (పులుసులో లావు నూడుల్స్), కోఫు కోడి కార్జాల కూర, ఇలా చుట్టుపక్కల ఊళ్లలో పేరున్నవి. శాకాహారులకి వీటిలో ఏదీ పనికిరాదు. "ఇందులో మాంసం లేదు" అని వాళ్లు నిజాయితీగానే చెప్తారు, కానీ పులుసు చేప ముక్కల నుంచి తీసిందై ఉంటుంది. దాన్ని మాంసం కింద లెక్కెయ్యరు. గుమ్మడికాయ వేసిన హోతో అనే నూడుల్స్ పులుసు చూస్తే మన దప్పళంలా ఉంటుంది, అమ్మగారికి నోరూరుతుంది, అందులోనూ ఎండు చేపల పులుసే.

కాబట్టి పులిహోర. ఇంకో మాట లేదు. కొంచెం పెరుగన్నం కూడా కట్టుకోండి, ఆవకాయ మాత్రం రైల్లో మూత తియ్యకండి. చెత్త వెయ్యడానికి డబ్బాలు దొరకవు, ఒక సంచీ తీసుకెళ్లి అంతా ఇంటికి మోసుకురండి. ఐస్‌క్రీమ్ ఒక్కటి కొనిపెట్టండి, పెద్దవాళ్లు వద్దు వద్దంటూనే తినేస్తారు.

చలి మర్చిపోకండి. టోక్యోలో చొక్కాతో తిరిగే రోజున కూడా అక్కడ పొద్దున పూట స్వెటర్ కావాలి. కాకినాడ నుంచి వచ్చేవాళ్లకి ఇంకో శాలువా కూడా.

విశాఖ_వేణు · ఏప్రిల్ 11, రాత్రి 8:15

కారు లేదు కాబట్టి ఎవరో ఒకరు "బస్ టూర్ బుక్ చెయ్యి, హాయిగా వెళ్లొస్తారు" అంటారు. మేం ఒక ఏజెంటు దగ్గర అలాగే తీసుకున్నాం. రోజులో నాలుగు చోట్లు. పూల దగ్గర ఇచ్చింది యాభై నిమిషాలు, అందులో బాత్రూమ్ క్యూకే పావుగంట పోయింది. మా అత్తగారు బస్సు దిగడం, ఎక్కడం, అదే గుర్తుంచుకున్నారు. పెద్దవాళ్లతో ఒక్క రోజు ఒక్క చోటే చూడండి.

మోడరేటర్ · ఏప్రిల్ 11, రాత్రి 8:40

ఏజెంట్ల పేర్లు, లింకులు ఇక్కడ పెట్టకండి. ఇప్పటికే రెండు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

లలిత_నిషికసాయి · ఏప్రిల్ 12, ఉదయం 10:20

అందరికీ చాలా థ్యాంక్స్. గోల్డెన్ వీక్ అయ్యాక గురువారం అనుకుంటున్నాం. వదిన గారూ, చింతపండు నానబెట్టడం ఒక్కటే మిగిలింది. ఇంక రైలా, హైవే బస్సా అన్నది తేల్చుకోవాలి. ఇంకొకటి, నాన్న అడుగుతున్నారు: కొండని "ఫుజి సాన్" అంటారు కదా, అంటే "ఫుజి గారు" అని గౌరవమా?

యమనాషి_మామ · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 12:10

నాన్నగారి సందేహం నాకూ మొదటి రెండేళ్లు ఉండేది. పేరు చివర పెట్టే "సాన్" వేరు, ఇది వేరు. కొండ అనే అక్షరాన్ని చైనా పద్ధతిలో చదివితే "సాన్". ఫుజి సాన్ అంటే ఫుజి కొండ, అంతే. అయినా మనం గారు అనుకున్నా తప్పేం లేదు. 3,776 మీటర్ల మనిషికి ఆ మాత్రం మర్యాద ఇవ్వొచ్చు.

ప్రయాణం: షింజుకు నుంచి ఫుజి పక్కనున్న కవాగుచికొకి నేరుగా వెళ్లే ఫుజి కైయూ రైలు ఉంది, రెండు గంటల లోపే. అన్నీ రిజర్వు సీట్లే, ముందే కొనుక్కోవాలి, మనిషికి 4,000 యెన్ల పైన అవుతుంది. షింజుకు బస్ టెర్మినల్ నుంచి హైవే బస్సయితే దాదాపు సగం ధర, ట్రాఫిక్ లేకపోతే గంటా ముప్పావు. పెద్దవాళ్లకి రైలే నయం, బాత్రూమ్ ఉంటుంది, లేచి తిరగొచ్చు. టూరిస్టు జేఆర్ పాస్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: దేశమంతా తిరిగే పాస్ ఒత్సుకి వరకే చెల్లుతుంది, ఆ తర్వాతి ఫుజిక్యూ లైనుకి విడిగా డబ్బు కట్టాలి.

కవాగుచికొ స్టేషన్ బయట షిబాజకురా లైనర్ అనే బస్సు ఎక్కాలి. బస్సు, ప్రవేశం కలిపి ఒకే టికెట్ అక్కడే ఇస్తారు. నలభై నిమిషాల దారి. ప్రవేశ రుసుము మాత్రం రోజుని బట్టి మారుతుంది, రద్దీ రోజుల్లో ఎక్కువ. సాయంత్రం నాలుగింటికల్లా మూసేస్తారు, తిరుగు బస్సు వేళలు దిగగానే ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ బస్సు దారిలో ఎడమా కుడీ ఒక అడవి వస్తుంది, అఒకిగహరా. ఇంటర్నెట్‌లో దాని గురించి భయంకరమైన కథలే ఎక్కువ. నాకు గుర్తుండేది వేరేది. 864లో ఫుజి పక్క నుంచి లావా పొంగి, అక్కడున్న సెనొఉమి అనే పెద్ద సరస్సులో పడింది. సరస్సు చాలా భాగం పూడిపోయి ఇప్పటి సాయి, షోజి సరస్సులు మిగిలాయి. చల్లారిన ఆ లావా మీద మొలిచిందే ఈ అడవి. చెట్ల వేళ్లు రాయిలోకి దిగలేక పైనే పాములా పాకి ఉంటాయి. కొండ చివరిసారి పేలింది 1707లో, అప్పుడు బూడిద ఎడో దాకా, అంటే మీ టోక్యో దాకా వచ్చి పడింది. నాన్నగారికి బస్సులో చెప్పండి, దారి తెలియదు.

లలిత_నిషికసాయి · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 12:55

మామ గారూ, నాన్న ఇది వింటే ఇంక పూల దగ్గర దిగరు, అడవిలోనే దిగిపోతారు.

యమనాషి_మామ · ఏప్రిల్ 12, రాత్రి 9:30

అమ్మగారికి కూడా ఒక కథ ఉంది. రాత్రి తీరిగ్గా రాస్తున్నాను.

ఫుజి కొండకి ఒక దేవత ఉంది, కొనొహనసకుయా హిమె. పేరుకి అర్థం చెట్ల మీద పూసే పూల రాకుమారి. కొండ దేవుడి కూతురు. ఆవిడకి ఒక అక్క, ఇవనగ హిమె. పేరులోనే రాయి ఉంది. ఆకాశం నుంచి దిగివచ్చిన నినిగి అనే దేవుడు చెల్లెల్ని ఇష్టపడితే, తండ్రి ఇద్దర్నీ కలిపి పంపించాడు. నినిగి అక్క అందంగా లేదని తిప్పి పంపేశాడు. "ఇద్దర్నీ ఉంచుకుని ఉంటే నీ సంతానం పూలలా కళకళలాడుతూ రాయిలా కలకాలం ఉండేది. పూలనే కోరుకున్నావు కాబట్టి ఆయుష్షు పూలంతే" అన్నాడు మామగారు. ఆ చెల్లెల్నే ఫుజి చుట్టూ ఉన్న సెన్‌గెన్ గుళ్లలో కొలుస్తారు. నిప్పులు కక్కే కొండకి పూల దేవత! మా ఆవిడ ఈ కథ విన్నప్పుడల్లా అక్క తరఫున నినిగిని తిడుతుంది.

ఇంకో చిన్న సలహా. పాత వెయ్యి యెన్ల నోటు ఒకటి దాచి ఉంచండి. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి గానీ పాతవి ఇంకా చెల్లుతున్నాయి. పాత నోటు వెనక వైపు ఉన్న బొమ్మ, నీళ్లలో నీడ పడిన ఫుజి, మోతొసు సరస్సు దగ్గర నుంచి కనిపించేదే. మబ్బు పడితే పనికొస్తుంది.

కరీంనగర్_పోరడు · ఏప్రిల్ 12, రాత్రి 9:48

మామా, కథ సూపర్. నేను అక్కాచెల్లెళ్లు ఇద్దర్నీ కలిపి చూడలే ఆ రోజు. కొండ కనిపించింది గానీ ముందే వెళ్లినందుకు పూలు సగమే పూసినయి.

సైతామా_సిరి · ఏప్రిల్ 13, ఉదయం 11:30

కొండ అక్కర్లేదు, పూలు చాలు అనుకునేవాళ్లకి ఇంకో చోటు: చిచిబులోని హిత్సుజియామ పార్కు. అక్కడా షిబాజకురానే, సుమారు 4 లక్షల మొక్కలు, వెనక బుకొ కొండ. సున్నపురాయి కోసం దశాబ్దాలుగా తవ్వేసరికి ఆ కొండ ఒక పక్కంతా మెట్లుమెట్లుగా అయిపోయింది, చూస్తే పాపం అనిపిస్తుంది. ఇక్కడ పూత కొంచెం ముందే వస్తుంది, మే మొదటి వారానికల్లా అయిపోతుంది. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడవాలి, కొంత ఎక్కుడు దారి, కాబట్టి లలిత గారి అమ్మగారికి చెప్పను. కుర్రాళ్లు వెళ్లండి.

లలిత_నిషికసాయి · మే 9, రాత్రి 10:15

నిన్న వెళ్లొచ్చాం! చెప్తానని మాటిచ్చాను కాబట్టి మొత్తం రాస్తున్నాను. పెద్దదే అవుతుంది.

ఏడున్నర రైలు ఎక్కడానికి నిషికసాయిలో ఆరున్నరకి బయల్దేరాం. నాన్న ఐదింటికే బూట్లు వేసుకుని హాల్లో కూర్చున్నారు. ఒత్సుకి దాటాక "ఏ కిటికీ వైపు కనిపిస్తుంది?" అని నాలుగుసార్లు అడిగారు. ఏ కిటికీలోంచీ కనిపించలేదు. పొద్దున లైవ్ కెమెరాలో కొంచెం అంచు కనిపించింది, కవాగుచికొలో దిగేసరికి అదీ లేదు. అఒకిగహరా కథ బస్సులో చెప్పాను. "అంటే ఇప్పుడు మనం సరస్సు మీద వెళ్తున్నామన్నమాట" అని నాన్న కిందికి చూశారు. కాసేపు ఉత్సాహం వచ్చింది.

చేరేసరికి పదింబావు దాటింది. పూలు మాత్రం, ఏం చెప్పను! గట్టు గారూ, మీరన్నట్టు మట్టి కనిపించింది, జనం కనిపించారు, అన్నీ నిజమే. కానీ అమ్మ నిలబడి చూడలేదు. మోకాళ్ల నొప్పులని మందులు వాడే మనిషి, మొదటి మడి దగ్గరే గొంతుక్కూర్చుంది. "ఇదిగో, గాటు ఉంది" అని రేకులు లెక్కపెట్టింది (పూలపిచ్చి గారు చెప్పిందంతా ముందే చదివి వినిపించాను). గులాబీ రేకు అంచున తెల్ల గీత ఉన్న రకం ఒకటి ఉంది, "తమా నో నగరె" అట, తమా నది ప్రవాహం అని అర్థం. దాని దగ్గరే ఇరవై నిమిషాలు. "వెంకటగిరి చీర అంచులా ఉందే" అంటుంది.

అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ వంగి కలుపు తీస్తోంది. అమ్మ తెలుగులో "ఇన్ని మళ్లకీ చేత్తోనే తీస్తారా?" అని అడిగింది. ఆవిడ జపనీస్‌లో ఏదో చెప్పింది. నేను అనువదిద్దామని ముందుకు వెళ్తే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూపించింది, ఆవిడ కూడా తన నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే సంభాషణ.

నాన్న సంగతి వేరు. కొండ ఉండాల్సిన దిక్కు నన్ను అడిగి తెలుసుకుని, అటు తిరిగి బల్ల మీద కూర్చున్నారు. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే. గంటకోసారి మబ్బు కొంచెం పలచబడటం, ఆయన లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం. మామ గారు చెప్పిన పాత నోటు గుర్తొచ్చి తీసి ఇచ్చాను. దాన్ని మబ్బుకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. చివరికి నాతో, "స్వామి దర్శనం కాలేదు గానీ లడ్డూ చేతికందింది" అన్నారు. నోటు తిరిగి ఇవ్వలేదు.

పాదాలు వేడి నీళ్లలో పెట్టుకుని కూర్చునే తొట్టి ఒకటి ఉంది, ఇద్దర్నీ అక్కడ కూర్చోబెట్టాను. ఎదురుగా కొండ కనిపించాలని కట్టిన తొట్టి. కొండ లేకపోయినా నీళ్లు వేడిగా ఉన్నాయి. పులిహోర బయట బల్ల దగ్గర తిన్నాం. గులాబీ ఐస్‌క్రీమ్ ఇద్దరూ వద్దన్నారు, నాది ఇద్దరూ తినేశారు.

తిరుగు బస్సులోనూ కొండ కనిపించలేదు.

గోదారి_గట్టు · మే 9, రాత్రి 10:50

లడ్డూ మాట చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. నా మాట వెనక్కి తీసుకోను గానీ, మళ్లీ ఒకసారి వెళ్లాలనిపిస్తోంది. ఈసారి గొంతుక్కూర్చుని చూస్తాను.

యొకొహామా_వదిన · మే 9, రాత్రి 11:05

పులిహోర మిగిలిందా?

లలిత_నిషికసాయి · మే 9, రాత్రి 11:08

ఒక్క మెతుకు కూడా లేదు వదినా.

కెమెరా_కన్ను · మే 10, ఉదయం 8:00

లలిత గారూ, ఒక చిట్కా. వాన కురిసి వెలిసిన మర్నాడు తెల్లవారుజామున మీ బిల్డింగ్ పైఅంతస్తు నుంచి పడమర వైపు చూడండి. కసాయి వైపు అపార్ట్‌మెంట్ల నుంచి కూడా ఫుజి కనిపించే రోజులు ఉంటాయి. వంద కిలోమీటర్ల దూరం కాబట్టి చిన్నగా ఉంటుంది. చలికాలంలో అయితే తరచుగా, ఈ నెలలో అదృష్టం.

లలిత_నిషికసాయి · మే 14, ఉదయం 6:20

కనిపించింది!!! రాత్రి వాన పడింది, ఐదింటికి నాన్న తొమ్మిదో అంతస్తు వరండాలో నిలబడి ఫోన్ చేశారు. పరుగెత్తి వెళ్లాం. కరెంటు తీగల మధ్య, రెండు బిల్డింగుల సందులో, బొటనవేలి గోరంత. నాన్న పాత నోటు తెచ్చుకుని పక్కన పెట్టి పోల్చారు. "నోటు మీదదే పెద్దగా ఉంది" అని తీర్పు చెప్పి కాఫీకి లోపలికి వచ్చేశారు.

అమ్మ రాలేదు. నిన్న హోమ్ సెంటర్‌లో షిబాజకురా చిన్న కుండీలు నాలుగు కొనిపెట్టాను, బాల్కనీలో వాటికి నీళ్లు పోస్తోంది. ఒకటి కాకినాడ తీసుకెళ్తానంటోంది. పూలపిచ్చి గారూ, మీరే ఏదో ఒకటి చెప్పి ఆపాలి.

పూలపిచ్చి · మే 14, ఉదయం 9:45

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మొదటిది, మట్టితో ఉన్న మొక్కని అనుమతి కాగితాలు లేకుండా విమానంలో దేశం దాటించకూడదు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. రెండోది, కాకినాడ మే నెల. ఇంక నేనేం చెప్పక్కర్లేదు.

మీ బాల్కనీలో బతకాలంటే వానాకాలం మొదలయ్యే లోపు, పూత అయిపోగానే, కత్తెర తీసుకుని మూడో వంతు దాకా కత్తిరించెయ్యండి. జపాన్ జూన్ వానకి గుబురుగా ఉన్న మొక్క లోపల కుళ్లిపోతుంది. కత్తిరించాక కొమ్మల మధ్య కొంచెం పొడి మట్టి చల్లితే కొత్త వేళ్లు వేస్తుంది. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

లలిత_నిషికసాయి · మే 14, ఉదయం 10:02

కత్తిరించడం అనే మాట అమ్మకి చదివి వినిపించాను. "ఎవరావిడ?" అంది.

పూలపిచ్చి · మే 14, ఉదయం 10:10

అయ్యో!

లలిత_నిషికసాయి · జూన్ 8, రాత్రి 9:25

చాలా రోజులైంది. అమ్మానాన్న మే 16న క్షేమంగా వెళ్లారు. నోటు నాన్న జేబులోనే వెళ్లింది. పూత అయిపోయింది, ఇక్కడ వానలు ఇవాళో రేపో మొదలయ్యేలా ఉన్నాయి, అందుకని ఇవాళ నాలుగు కుండీలూ కత్తిరించాను. మరీ బోడిగా అయిపోయాయి.

అమ్మ రోజూ వీడియో కాల్‌లో ముందు కుండీలు చూపించమంటుంది, తర్వాతే నా ముఖం. ఇవాళ మాత్రం సిగ్నల్ బాలేదని చెప్పాను. పూలపిచ్చి గారూ, మళ్లీ పచ్చబడటానికి ఎన్నాళ్లు పడుతుంది? త్వరగా చెప్పండి, రేపు సాయంత్రం మళ్లీ కాల్ ఉంది.